ఇత్తడి రేకు మీద రంగు

"ఈ పడవ కట్టిన దరిద్రుడెవడు నాన్నా?" అంది నా కూతురు లొరెట్. పడవ పైన తొడిగిన పాత కాన్వాసు గుడ్డ ఊడదీసి, లోపలి దేవదారు బద్దలు తడిమి చూస్తోంది.

మేకుల మొనలు ముళ్లలా పొడుచుకొచ్చి ఉన్నాయి.

"మేకు కొట్టేటప్పుడు లోపల ఇనప దిమ్మె ఆనించి పట్టుకుంటే మొన వంగి చెక్కలోకి దిగిపోతుంది. ఈ మహానుభావుడు ఆ చేత్తో కాఫీ తాగినట్టున్నాడు. ఇందులో మోకాళ్లేసి తెడ్డేసినవాళ్ల మోకాళ్లు జల్లెడైపోయుంటాయి. థూ, పొయ్యిలోకైనా పనికిరాదు."

నాకు కడుపు నిండిపోయింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, ఈ నది ఒడ్డున నా పడవల షెడ్డును ఈ చలికాలంతో మూసేద్దామనుకున్నాను. పని నేర్చుకుంటామని వచ్చిన ముగ్గురికీ ఇదే పడవ చూపించాను. ముగ్గురూ ముందు దాని ముక్కు మీది ఇత్తడి రేకు చదివి, ఆ తర్వాత "అద్భుతం పెద్దాయనా" అన్నారు.

అందుకే ఈసారి ఆ రేకు మీద రంగు పూశాను.

నా బంగారు తల్లి ఆ రంగూ గీకేసింది. రేకు మీద నా పేరు చదివి, నావైపు తిరిగింది.

"సిగ్గు లేదూ నాన్నా?"

"నిన్నటిదాకా ఉండేదే తల్లీ," అని షెడ్డు తాళాలు తన చేతిలో పెట్టాను.