గాలిలో ఎర్ర పెట్టె

"చూడమ్మా దీని వయ్యారం! తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకుంటోంది."

సీసాల షెడ్డులో యంత్రపు చెయ్యిని చూపిస్తూ మండిపడ్డాడు మేస్త్రీ.

కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ చూసింది. బెల్టు మీది సీసాను చెయ్యి ఒడుపుగానే పట్టుకుంది. ఎదురుగా ఉన్న అట్టపెట్టెలోకి తిన్నగా దించకుండా, పైకి లేచి, ఇంత చుట్టు తిరిగి, అలిగిన అల్లుడు అన్నానికొచ్చినట్టు వచ్చి దించింది.

"దీనికిలా నేర్పిన మహానుభావుడెవరు?"

"నీకు ముందొచ్చినవాడే. నోట్లో నాలుక లేని మనిషి. రోజంతా నా వెనక నిలబడి గుడ్లు మిటకరించి చూసేవాడు. నత్త అని పేరు పెట్టాం. నేనే పట్టుబట్టి పంపించేశాను."

"మరి ఇప్పుడు నన్నింత హడావిడిగా పిలిపించారెందుకు?"

"సాయంత్రంలోగా ఇది వేగం అందుకోకపోతే లైను ఎత్తేస్తారట. ఈ వయసులో నన్నింకెవడు గుమ్మంలోకి రానిస్తాడమ్మా?"

ఆమె కంప్యూటరు తెరిచింది. తెర మీద చెయ్యి బొమ్మ, బెల్టు బొమ్మ. వాటి మధ్య, గాలిలో, ఒక ఎర్ర పెట్టె.

"ఇదీ సంగతి. ఈ ఎర్ర పెట్టెలోకి పోవద్దని చెయ్యికి చెప్పి ఉంచారు. అందుకే చుట్టు తిరుగుతోంది."

మేస్త్రీ తెర వంకా, బెల్టు వంకా మార్చి మార్చి చూశాడు.

"అక్కడేముందమ్మా, గాలి తప్ప?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. తీసేస్తే చిటికెలో పని."

"తీసెయ్ తల్లీ, నీ కడుపు చల్లగా!"

మీట మీదికి వెళ్లిన వేలు ఆగింది.

"ఒక్కసారి మీరు రోజూ చేసినట్టే పని చెయ్యండి బాబాయ్. కెమెరాలో చూస్తాను."

మూత వంకరపోయిన సీసాలు ఏరడం మేస్త్రీ పని. ఒకటి అనుమానంగా కనిపించింది. అలవాటుగా మెడ తిప్పి, ముందుకు వంగి, ఎడమకన్ను సీసాకు ఆనించినంత పని చేశాడు.

చెయ్యి అతని తలకు దూరంగా, తన మానాన తాను చుట్టు తిరిగి వెళ్లింది.

"కదలకండి బాబాయ్!" ఆమె తెరను అతని వైపు తిప్పింది.

ఎర్ర పెట్టె లోపల, కొలత తీసి కుట్టించినట్టు, మేస్త్రీ తల ఉంది.

"కుడికన్ను..." ఆమె గొంతు తగ్గించింది.

"మసకే. ఎప్పట్నుంచో. చెబితే ఆ రోజే ఇంటికి పంపేసేవాళ్లు."

"అట్టపెట్టెను అవతలి పక్కకి జరిపితే చెయ్యి ఇటు రావలసిన పనే లేదు కదా. నాకు ముందున్నాయన అడగలేదా?"

"అడిగాడు. నా లైనులో వేలు పెట్టొద్దని కసిరాను."

ఆమె అట్టపెట్టెను జరిపించింది. చెయ్యి ఇలా పట్టి అలా దించేస్తోంది. ఎర్ర పెట్టెను మాత్రం ఉన్నచోటే ఉంచింది.

సాయంత్రానికి వేగం అందింది; లైను ఎత్తేసే గండం తప్పింది. మేస్త్రీ రెండు చేతులూ జోడించాడు.

"అతనెక్కడున్నాడమ్మా? వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"ఎవరికీ తెలియదు బాబాయ్. ఫోను నంబరు కూడా మార్చేశాడట."

మేస్త్రీకి అతణ్ని పంపించేసిన రోజు కళ్లముందు కదిలింది. "ఎందుకిలా తిప్పావో చెప్పి చావు" అని మేనేజరు అందరి ముందూ నిలదీస్తే, అతను మేస్త్రీ మసక కంటి వైపు ఒక్కసారి చూసి, "నాకొచ్చింది ఇంతే సార్" అని తలొంచుకుని వెళ్లిపోయాడు.