గేటు వైపు రెల్లు

“చంపింది నువ్వే. ఏం పోశావో చెప్పు.”

హెడ్‌మాస్టరు వేలు తోటమాలి ముఖం మీదికొచ్చింది. ఆమె చూపు మాత్రం మడి మీంచి కదల్లేదు. బడి గేటు పక్కన, రోజంతా ఎండ తగిలే గోడవారన, ఆమె నాటిన తెల్లచారల రెల్లు నిలువెత్తు పెరిగి వెండి కుచ్చులు వేసింది. రెండు వారాల్లో కొసల నుంచి మాడుతూ వచ్చి చీపురుపుల్లలైంది.

ఎల్లుండే అతిథులొస్తున్నారు. చిన్న తరగతుల్లో సగంమంది కడుపునొప్పంటూ ఎగ్గొడుతున్నారు, బెంచీలు నింపడానికే దిక్కులేదు, పైగా ఇదొకటని హెడ్‌మాస్టరు విసుక్కున్నాడు.

“ఎండకేమో అక్కా,” అన్నాడు వాచ్‌మన్.

“ఎండ దానికి పెళ్ళిభోజనం తమ్ముడూ.”

నిజమేనని వాచ్‌మన్ ఒప్పుకున్నాడు. మురుక్కాలవలో విసిరేసినా మీసం మెలేసే మొక్క అది. వెనక గోడకున్న రెల్లుకు వీధి కాలవ మురుగే పోస్తుంది ఆమె. అది ఏపుగా ఊగుతోంది. గేటు దగ్గర కంపు కొడుతుందని మురుగు వద్దన్నది హెడ్‌మాస్టరే. తోట కుళాయి చూస్తే ఎండిపోయింది. ఇంకో కుళాయి ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఆమె ముట్టుకుంది. రోజూ బడి తెరవకముందే, దొంగలా, నాలుగు బిందెలు.

చెబితే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం ఉంది కాబట్టే మూడో తరగతి మనవరాలికి ఈ బళ్ళో చోటుంది. అందుకే నోరు కుట్టేసుకుంది.

వాచ్‌మన్ ఒక దుబ్బు పెకలించాడు. దుంపలు బొగ్గులా నల్లబడి ఉన్నాయి. వేలితో నొక్కితే చితికిపోయాయి.

“యాసిడ్ పోశావా? ఫినాయిలా?” అన్నాడు హెడ్‌మాస్టరు.

“మంచినీళ్ళే పోశాను సార్.”

“మంచినీళ్ళకు రెల్లు చస్తుందా? ఎవరి చెవిలో పెడతావమ్మా పువ్వులు?”

ఇంటర్వెల్ గంట మోగింది. తరగతుల తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. ఆమె చేతిలో బొరిగె జారిపడింది. ఇన్నేళ్ళ కొలువులో ఎన్నడూ చేయని పని చేసింది. హెడ్‌మాస్టరు చెయ్యి పట్టుకుని లాగింది.

“నన్ను తర్వాత తీసేద్దురుగాని సార్, నేను పోసింది పిల్లలు తాగే ట్యాంకు నీళ్ళు, ముందు ఆ కుళాయి కట్టేయించండి.”