హెర్షెల్ పట్టింపు

ఆదిశేషు కారు తీసి పక్కింటి ముందు ఆపి హారన్ కొట్టాడు. హెర్షెల్ బయటికొచ్చాడు, చెయ్యూపాడు, మంచులో జారుతూ బస్‌స్టాప్ వైపు నడిచిపోయాడు.

అరవై దాటిన మనిషి. చూపు మందగించి డ్రైవింగ్ మానేశాడు. బయట ముక్కు ఊడిపోయే చలి. అయినా ఆదిశేషు కారు ఎక్కనంటాడు!

"చూశావా భానూ?" అన్నాడు ఆదిశేషు ఇంట్లోకి వచ్చి. "జాబ్ పోయినవాడి కార్‌లో హీటర్ కూడా పనిచెయ్యదనుకుంటున్నాడు."

అది 1981, కార్ల కంపెనీలు వేలమందిని ఇళ్ళకి పంపేస్తున్న ఏడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ ఇంటి తలుపు తట్టినా పగటిపూట మగవాళ్ళే తీస్తున్న కాలం. ఆదిశేషు కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజినీరు. "ఇన్నేళ్ళూ కార్లు ఆపాను, నా లేఆఫ్ ఆపుకోలేకపోయాను" అని పార్టీల్లో అందరికంటే ముందు తనే జోకేసేవాడు. ఎవరైనా జాలిపడేలోపే నవ్వించెయ్యాలి. అదీ అతని పద్ధతి.

కిందటి నవంబరులో ఇంటి వాయిదాలు కట్టలేక బ్యాంకు నుంచి హెచ్చరిక వచ్చినప్పుడూ అంతే. హెర్షెల్ వాళ్ళ ప్రార్థన మందిరం, సినగాగ్ తరఫున ఒక ఫండ్ నడుపుతాడు. ఇబ్బందుల్లో ఉన్న యూదులకి వడ్డీ లేకుండా అప్పులిస్తారు. ఆదిశేషు అతని దగ్గరికెళ్ళి, "నేనూ మీ మతంలో కలిసిపోతాను. ఎంతిప్పిస్తారు?" అన్నాడు.

"కలవడానికి రెండేళ్ళు పడుతుంది ఆడీ. బ్యాంకు నీకు నెలేగా గడువిచ్చింది?" అన్నాడు హెర్షెల్.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆదిశేషు ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో కాసేపు ఏడ్చాడు.

చివరికి గట్టెక్కించింది భార్య భానుమతే. దగ్గర్లోని ట్రాయ్‌లో తెలుగు ఆడవాళ్ళు వేసుకుంటున్న చీటీ తను పాడానని చెప్పి బాకీ అంతా కట్టేసింది. ఆదిశేషు దానిమీదా జోకేశాడు. "నా ఎమ్మెస్ డిగ్రీ ఇల్లు పోగొట్టబోతే, మా ఆవిడ చీటీపాట నిలబెట్టింది."

ఇల్లు నిలిచింది కానీ, ఆ చలికాలంలోనే హెర్షెల్ మారిపోయాడు.

ఇదివరకు ప్రతి ఆదివారం వచ్చేవాడు. వాళ్ళ ఆచారం ప్రకారం పాలు లేని కాఫీ, అదీ పేపర్ కప్పులో. మడి కట్టుకునే మా మేనత్తే నయమని ఆదిశేషు ఏడిపించేవాడు. ఇప్పుడు ఆ కాఫీ కూడా ముట్టడు. గుమ్మంలోనే నిలబడి, "ఇంటర్వ్యూ ఏమైనా వచ్చిందా?" అని అడిగి వెళ్ళిపోతాడు. డ్రైవ్‌వేలో మంచు తీసిపెడతానని ఆదిశేషు పార పట్టుకెళితే తలుపు తీసి కేకలేశాడు. ఒకసారి నలుగురిలో, "హెర్షెల్ లాంటి మనిషి పక్కింట్లో ఉండటం మా అదృష్టం" అనబోతే, మాట పూర్తికాకుండానే లేచి వెళ్ళిపోయాడు.

"మనవాళ్ళు పిల్లి ఎదురైతే వెనక్కి తిరుగుతారు. ఈయన నేనెదురైతే తిరుగుతున్నాడు," అన్నాడు ఆదిశేషు. ఈసారి అతనికే నవ్వు రాలేదు.

భానుమతి కిటికీ తెర లాగేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం అతను దూరాన పడమటి తీరంలో ఫ్రీమాంట్‌లో ఉన్న స్నేహితుడు కృష్ణమోహన్‌కి ఫోన్ చేశాడు. ఇల్లు అమ్మేసి వచ్చేస్తాను, ఏ ఉద్యోగమైనా సరే చూడమన్నాడు.

"అదేమిటండీ? ఇల్లు దక్కింది కదా!" అంది భానుమతి కంగారుగా.

"ఇల్లు దక్కింది. పక్కింట్లో నాకు మర్యాదే దక్కలేదు. నా దగ్గర జోకులైపోయాయి భానూ. ఆ మనిషి ఎదురుగా నేనిక బతకలేను."

కోటైనా వేసుకోకుండా వెళ్ళి హెర్షెల్ తలుపు తట్టాడు.

"మేం వెళ్ళిపోతున్నాం. నేనేం తప్పు చేశానో చెప్పండి, చాలు."

హెర్షెల్ మొహం పాలిపోయింది. ఆదిశేషు వెనక, చీర మీద కోటు కప్పుకుని పరుగున వచ్చిన భానుమతి వంక చూశాడు. "చెప్పనని మాటిచ్చాను ఆడీ."

"నేను చెప్తానండీ," అంది భానుమతి. "చీటీ లేదు, పాటా లేదు. ఆ డబ్బు ఈయనిచ్చారు. ఫండ్ రూల్స్ ప్రకారం మనకి ఇవ్వడం కుదరదని సొంత డబ్బు తీసిచ్చారు. తెలిస్తే మీరు తీసుకోనివ్వరని నేనే చెప్పొద్దన్నాను."

ఆదిశేషుకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"మరి కాఫీ ఎందుకు మానేశారు?" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

"మా ధర్మంలో అప్పిచ్చినవాడు వడ్డీ తీసుకోకూడదు. వడ్డీ అంటే డబ్బొక్కటే కాదు. అప్పు తీరేదాకా నీ కారెక్కినా, నీ చేత మంచు తీయించుకున్నా, నీ కాఫీ తాగినా, నీ చేత పొగిడించుకున్నా వడ్డీయే. మరీ అంత పట్టింపు అక్కర్లేదంటాడు మా మతగురువు రబ్బీ. నాకు చాదస్తం ఎక్కువ."

"అది మీలో మీకు కదా! నేను యూదుణ్ణి కాదే. నా దగ్గర తీసుకుంటే తప్పేమిటి?"

"పరాయివాళ్ళ దగ్గర తీసుకోవచ్చనే రాసుంది ఆడీ," అన్నాడు హెర్షెల్, "తమ్ముడి దగ్గరే తీసుకోకూడదు."