సంతకం పెట్టకు బిడ్డా

"ఆగు బిడ్డా! దాని మీద సంతకం పెట్టకు."

వినోద చేతిలో పెన్ను ఆగిపోయింది.

హన్మకొండ చౌరస్తాలో సదానందం జిరాక్స్ షాపు. ఆమె పక్కన ఏజెంట్ భానుచందర్ ఉన్నాడు. ఆ మాట అన్నది మాత్రం వెనక నిలబడ్డ ముసలాయన. చిరిగిన కాలరు, అరిగిన చెప్పులు, చంకలో చేతిరాత కాగితాల కట్ట. తన వంతు వచ్చేదాకా ఊరుకోకుండా, వినోద ముందున్న కాగితాన్ని మెడ చాచి చదువుతున్నాడు.

భానుచందర్‌కు ఒళ్లు మండింది.

"ఎవనివయ్యా నువ్వు? మంది కాయితాలు నీకెందుకు?"

వినోద భర్త పండరి కాశిబుగ్గలో మరమగ్గం నడిపేవాడు. రెండేళ్ల కింద ఈ భానుచందరే అతన్ని పోర్చుగల్‌కు, పండ్లతోటల పనికి పంపాడు. పన్నెండు రోజుల కింద అక్కడ ట్రాక్టరు బోల్తాపడి పండరి పోయాడు. శవం ఇంకా అక్కడి దవాఖానలోనే ఉంది. ఇక్కడ అత్త రాజవ్వ పచ్చి మంచినీళ్లు ముట్టడం లేదు.

"నా కొడుకు మొఖం ఒక్కసారి సూపియ్యే వినోదా" అన్నదొక్కటే ఆమె మాట.

శవాన్ని పంపే కాగితం ఇదేనని, సంతకం పెడితే ఎల్లుండి విమానంలో వస్తాడని భానుచందర్ చెప్పాడు. రెండు పేజీలు, అంతా పోర్చుగీసు. వినోద పదో తరగతి చదువు అందులో ఒక్క ముక్కకూ అక్కరకు రాలేదు.

"ఇది పంపే కాయితం కాదు బిడ్డా," అన్నాడు ముసలాయన. "నీ పెనిమిటిని ఆడ్నే మట్టిల బొందవెట్టమని నువ్వు ఒప్పుకున్నట్టు రాసిన్రు. నువ్వు ఒప్పుకోకుంటే కంపెనీయే ఇంటిదాక పంపాలె. ఆ ముచ్చట గూడ ఉన్నది, అడుగున చిన్న అక్షరాలల్ల."

"నీకేం దెల్సు? అది పోర్చుగీసు!" భానుచందర్ గొంతు పెంచాడు.

"తెల్సు. గోవల ముప్పై ఒక్క ఏండ్లు పాఠం చెప్పిన."

"గోవలనా!" భానుచందర్ పగలబడి నవ్వాడు. "గోవకు మేం గూడ పోయినం తాతా. తాగినం, వచ్చినం. నీకే ఇంకా దిగనట్టున్నది!"

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. సదానందమూ నవ్వాడు. మనిషి చచ్చి పన్నెండు రోజులైందన్న మాట వింటూ కూడా నవ్వెలా వచ్చిందో ఆ మహానుభావులకే తెలియాలి! మనవాళ్లకు చిరిగిన కాలరు కనిపించినంత త్వరగా చదువు కనిపించి చస్తుందా? ఇస్త్రీ చొక్కా ఏం చెప్పినా వేదమే.

"నా మాట నమ్మకు బిడ్డా. ఇంకెవరికన్న సూపియ్యి. ఒక్క రోజు ఆగు."

"పన్నెండు గంటల లోపల పంపకుంటే విమానం తప్పుతది. ఇగ నీ ఇష్టం చెల్లే," అని భానుచందర్ చేతులు దులుపుకున్నాడు.

వినోదకు రాజవ్వ ఎండిన పెదవులు గుర్తుకొచ్చాయి. ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"నీకు దండం పెడ్త తాతా, నా నోట్ల మన్ను కొట్టకు! మీద వడి ఏడ్వనీకన్న మనిషిని రానియ్యి!"

ముసలాయన మళ్లీ కాగితం మీదికి వంగాడు. పైన ఉన్న పేరు దగ్గర ఆయన వేలు ఆగింది.

"పండరియా? ఏ పండరి బిడ్డా? కాశిబుగ్గ..."

"పేరు సదివి పెద్ద పండితుడైండు!" భానుచందర్ ఆయన రెక్క పట్టి బయటికి తోశాడు. కాగితాల కట్ట రోడ్డు మీద చెదిరింది. ఒక్కడంటే ఒక్కడు వంగి ఏరలేదు. ముసలాయన ఆటోల మధ్య కాగితాలు ఏరుకుంటుంటే, ఇక్కడ వినోద సంతకం పెట్టింది.

ఎల్లుండి అన్న నాడు పండరి రాలేదు. ఐదో నాడు ఫోన్‌లో ఫోటో వచ్చింది. ఒక మట్టికుప్ప, దాని మీద నంబరు రాసిన చెక్క.

"ఆడ్నే చేసిన్రట చెల్లే. సంతకం నువ్వే వెడ్తివి గదా," అన్నాడు భానుచందర్. ఆ తర్వాత వాడు ఫోన్ ఎత్తితే ఒట్టు.

రాజవ్వ ఆ ఫోటోను గుండెకు అదుముకుని పడుకుంది. వినోద జిరాక్స్ షాపుకు ఉరికింది.

"ఆ తాత ఏడుంటడు అన్నా?"

"ఏమో. తెల్లారే మల్ల వచ్చిండు. నీ అడ్రస్ ఇయ్యమని బతిమిలాడిండు," అన్నాడు సదానందం. "నీ ఆధార్ జిరాక్స్ నా దగ్గర్నే ఉండె గని, లొల్లెందుకని ఎల్లగొట్టిన."

"పేరన్న అడగలేదా?"

"జిరాక్సుకొచ్చినోల్ల పేర్లు ఎవరడుగుతరమ్మా?"

నెలకు పోర్చుగల్ నుంచి పెట్టె వచ్చింది. మనిషిని పంపడానికి చేతులు రాని కంపెనీ, మనిషి చెప్పులు మాత్రం భద్రంగా పంపింది! రెండు ప్యాంట్లు, ఒక స్వెటర్, అడుగున ఒక పుస్తకం. 'తెలుగువారికి పోర్చుగీసు'.

ఆదివారం ఆదివారం ఒక సారు పైసా తీసుకోకుండా ఫోన్‌లో భాష నేర్పుతున్నాడని పండరి చెప్పేవాడు. "నేనొచ్చినంక ఇద్దరం పోయి కాళ్లు మొక్కుదాం" అనేవాడు.

వినోద పుస్తకం వెనక్కి తిప్పింది.

అట్ట మీద రచయిత ఫోటో ఉంది. కాశిబుగ్గ మగ్గాల నడుమ పుట్టాడట, గోవాలో ముప్పై ఒక్క ఏళ్లు పోర్చుగీసు బోధించాడట, ఆ భాషకు తెలుగులో నిఘంటువు కూర్చినందుకు లిస్బన్‌కు పిలిచి సన్మానం చేశారట. ఆచార్య లక్ష్మీనర్సయ్య.

అదే మొహం. అవే కళ్లు.

ఆ ఫోటో కింద ఒక ఫోన్ నంబరు, దాని పక్కన పండరి వంకర రాత: "మా సారు. ఈయన సదివి చెప్పంది నేను ఏ కాయితం మీద సంతకం పెట్ట."