ముఖం చెడని పోస్టర్

"ముఖం మాత్రం చెడకూడదంట. తక్కింది చినిగినా పర్వాలేదంట," అన్నాడు మాల్యాద్రి, గోడమీది పోస్టర్‌ను బ్లేడుతో మెల్లగా లేపుతూ.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా మాల్యాద్రి వీడియో గేముల షాపు. ఇప్పుడు ఇళ్ళల్లో టీవీకే గేములు తగిలించుకుంటున్నారు. రూపాయి బిళ్ళ వేసి ఆడే పెద్ద పెట్టెలకు గిరాకీ పోయింది. గిరాకీ ఉన్నదల్లా ఈ ఒక్క పాత పోస్టర్‌కే.

షాపు బోర్డు రాయడానికి వచ్చిన చంద్రశేఖర్ కుంచె ఆపాడు. ఆ పోస్టర్ బొమ్మ తనదే. ఏడేళ్ళ కిందట, తొంభై ఒకటిలో, మద్రాసులో ఒక గేముల కంపెనీకి వేసిచ్చాడు. కోట బురుజు మీద కొమ్ములూ కోరలూ ఉన్న రాక్షసుడు, కింద కత్తి దూసిన వీరుడు.

"ఎవరికిరా?"

"ఉదయగిరిలో తెలుగు అయ్యవారు నారాయణయ్య లేడా, ఆయన ఇంటికంట. మన బస్సు కండక్టరు అడిగి తీసకపోతా ఉండాడు. జలదంకి, కొండాపురం, అనంతసాగరం, యాడ అంటించినా వదల్లా. ఏం పిచ్చో."

చంద్రశేఖర్ నవ్వాడు. ఏడేళ్ళుగా ఈ మాట కోసమే కాచుకున్నాడు.

పదో తరగతిలో అతను ముచ్చటపడి నారాయణయ్య సార్ బొమ్మ గీశాడు. మీసం పక్కన పుట్టుమచ్చతో సహా అచ్చు దిగింది. మెచ్చుకుంటాడనుకుంటే సార్ దాన్ని క్లాసు ముందే ముక్కలు చేసి, బెత్తం విరిగేదాకా కొట్టాడు. "నన్ను చంపాలని ఉండాదా రా నీకు?" అని అరిచాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ సాయంత్రమే చంద్రశేఖర్ బడి మానేశాడు.

మద్రాసులో పని నేర్పిన మేస్త్రీ ఒక కిటుకు చెప్పాడు. అసురుడి బొమ్మ కుదరాలంటే గిట్టనివాడి ముఖం పెట్టుకోవాలట, చేతికి హుషారొస్తుందట. చంద్రశేఖర్‌కు ముఖం వెతుక్కునే పనే లేకపోయింది. పుట్టుమచ్చ కూడా వదల్లేదు.

"సిగ్గుతో చస్తా ఉండాడ్రా," అన్నాడు మాల్యాద్రితో. "ఎవురన్నా గుర్తుపడతారని ఊరూరా ఏరుకుంటా ఉండాడు. ఏరుకోనీ. అసలు బొమ్మ నాకాడే ఉండాది. ఇంకో వెయ్యి అచ్చేయిస్తానని మొహమ్మీదే చెప్పొస్తా."

"పెద్దాయన గదరా, పోనీ."

"ఆయన నన్ను పోనిచ్చినాడా?"

మర్నాడు అసలు బొమ్మను పాత పంచెలో చుట్టుకుని ఉదయగిరి బస్సెక్కాడు. బడి మానేశాక ఆ ఊళ్ళో అడుగుపెట్టడం అదే మొదలు. సార్ ఎలా బతిమాలతాడో, తాను ఎలా కాదంటాడో దారంతా మనసులో అప్పజెప్పుకుంటూనే ఉన్నాడు.

సార్ భార్య కామాక్షమ్మ తలుపు తీసింది. ఆమె ముఖమైనా చూడకుండా చంద్రశేఖర్ లోపలికి తొంగిచూశాడు.

"సార్‌ని పిలవండి."

"సారు లేరు నాయనా."

దాక్కున్నాడన్నమాట. అతని కడుపు చల్లబడింది. "పర్వాలేదు, కూర్చుంటా. ఆ పోస్టర్ పనిమీదే వచ్చినాను."

ఆ మాట వినగానే ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. నడవా నిండా పోస్టర్లే. ఎండకు వెలిసినవి, చెమ్మకు ఉబ్బినవి. పక్కన కత్తెర. కత్తిరించిన కొమ్ములూ కోరలూ చాటలో కుప్పగా ఉన్నాయి. కొమ్ములు కోసేస్తే పోయిన పరువు వస్తుందా అనుకున్నాడు చంద్రశేఖర్. పగ తీరడం ఇంత తియ్యగా ఉంటుందని అతనికి తెలీదు.

పంచె విప్పి బొమ్మ నిలబెట్టాడు. కామాక్షమ్మ నేలమీద చతికిలబడింది. వేలితో పుట్టుమచ్చను తాకింది.

"గీసింది నువ్వేనా?"

"నేనే." తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాడు.

"ఈ కొమ్ములు తుడిచి ఇస్తావా నాయనా? నీ కాళ్ళు పట్టుకుంటా."

"మీరు కాదమ్మా. సార్‌నే వచ్చి అడగమనండి."

ఆమె మొదటిసారి తలెత్తి అతని కళ్ళలోకి చూసింది.

"కార్తీకంలోనే పోయినారు. బొమ్మ దిగితే ఆయుష్షు తగ్గిపోద్దని ఆయనకి భయం, జన్మలో ఒక్కసారి గూడా దిగలా."

ఆమె కొమ్ముల చాటను పక్కకు జరిపింది.

"ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు."