అత్తగారి పంటినొప్పి

"అల్లుడుగారూ, కాస్త అవతల నిలబడి మాట్లాడండి. మీ నోరు కంపు."

పొద్దున్నే కాఫీ కప్పు చేతికిస్తూ ఏ అత్తగారైనా అనే మాటేనా ఇది? ఈవిడ అంది.

భార్య ఆఫీసు శిక్షణకని పది రోజులు వేరే ఊరు వెళ్తూ, వంటకి ఇబ్బంది పడతాడని తల్లిని పిలిపించింది. అసలు ఇబ్బంది అక్కడే మొదలైంది. పెళ్ళయిన ఐదేళ్ళలో ఆ అత్తా అల్లుడూ ఒకే కప్పు కింద రెండు రోజులకి మించి ఉన్నది లేదు. ఆ రెండు రోజులూ ఉప్పూ నిప్పే.

ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు.

"సింకులో ఎర్రగా ఉమ్మి అలాగే వదిలేస్తారేం? నీళ్ళు కొట్టడానికి చేతులు రావా?"

"అన్నీ కుడివైపే నములుతారేం? ఎడమ దవడ ఎవరికైనా అద్దెకిచ్చారా?"

ఆవిడ మాత్రం బాత్‌రూమ్ గడియ వేసుకుని అరగంట పళ్ళు తోముకుంటుంది. తలుపు తడితే అదో తగువు.

అల్లుడికి పళ్ళు నూరాలన్నంత కోపం వచ్చింది. నూరలేకపోయాడు. ఎడమ దవడ పన్ను నెల్లాళ్ళుగా సలుపుతోంది. బ్రష్ పెడితే చిగుళ్ళ నుంచి రక్తం.

అతను లైన్‌మన్. గాలివానలో స్తంభమెక్కి, తెగిన తీగ కలిపి దిగే మనిషి. పళ్ళ డాక్టరంటే మాత్రం చచ్చేంత భయం. ఏడేళ్ళప్పుడు ఇద్దరు చేతులు పట్టుకుంటే, ఒకడు గుండెల మీద మోకాలు పెట్టి పన్ను పీకాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. నొప్పి మాత్రలు మింగుతూ నెట్టుకొస్తున్నాడు. భార్యకి కూడా చెప్పలేదు.

మంగళవారం సాయంత్రం బాల్కనీలో నిలబడి, తోటి లైన్‌మన్‌కి ఫోన్‌లో గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇవాళ స్తంభం మీదుండగా పంటిపోటొచ్చిందిరా. కళ్ళు బైర్లు కమ్మి చేతులు వదిలేశాను. నడుముకి బెల్టుంది కాబట్టి బతికాను. ఎవరితోనూ అనకు."

ఫోన్ పెట్టేసి తిరిగితే వెనకాల అత్తగారు. తడిబట్టలు దులుపుతోంది.

"దారికడ్డం లేవండి," అంది.

విన్నట్టు లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

మర్నాటి నుంచి కొత్త గోల. అత్తగారికి పంటినొప్పి! చెంపకి గుడ్డ కట్టుకుంది. వంట మానేసింది. అతను టీవీ పెడితే ఎదురుగా కూర్చుని మూలుగుతుంది.

"ఆటో పిలుస్తాను, వెళ్ళి చూపించుకోండి," అన్నాడు.

"ఒక్కదాన్నా? మీ అమ్మకొస్తే ఇలాగే పంపేవారా?"

భార్యకి ఫోన్ చేశాడు. "మీ అమ్మకి పంటినొప్పిట."

"అమ్మకా?" అంది భార్య. వెంటనే సర్దుకుని, "ఆవిడ ఎలా చెప్తే అలా చెయ్యండి. ఎదురు చెప్పకండి," అని పెట్టేసింది.

తల్లీకూతుళ్ళు ఒక్కటే అని అతనికి ఒళ్ళు మండింది.

క్లినిక్ గుమ్మంలోనే ఆ మందు వాసనకి ఆగిపోయాడు. "నేను బయటుంటాను," అన్నాడు. అత్తగారు చొక్కా పట్టుకుని లోపలిగదిలోకి లాక్కుపోయింది. డాక్టరమ్మ ఆవిడకి కుర్చీ చూపించింది.

"నేనెక్కను. ముందు మా అల్లుడి నోరు చూడండి. ఆయన బతికి దిగితే అప్పుడు నేనెక్కుతా."

"నాకేం నొప్పి లేదు!"

"భయమని చెప్పండి, పోనీ." తలుపు తెరిచే ఉంది. హాల్లో వాళ్ళందరికీ వినపడేలా గొంతు పెంచింది. "స్తంభాలెక్కే మొనగాడట! కుర్చీ ఎక్కమంటే వణుకుతున్నాడు. నా కూతుర్ని ఎలాంటి వాడికిచ్చానో ఇప్పుడు తెలిసింది!"

బయట ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి తల తీసేసినట్టయింది. ఈ ముసలిదాని నోరు మూయించాలంటే తను నోరు తెరవక తప్పదు. కసిగా వెళ్ళి కూర్చున్నాడు.

చిన్న అద్దం పెట్టి చూసిన డాక్టరమ్మ ముఖం చిట్లించింది.

"ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నారండీ? చీము పట్టింది. ఇంకో వారం ఆగితే పన్ను దక్కేది కాదు."

"పీకుతారా?" అన్నాడు. గొంతు ఏడేళ్ళ పిల్లాడిదైపోయింది.

"అక్కర్లేదు, కాపాడదాం. మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇస్తాను. నొప్పనిపిస్తే ఎడమచెయ్యి ఎత్తండి. వెంటనే ఆపేస్తాను."

ఏడేళ్ళప్పుడు అతనికి అలా ఎవరూ చెప్పలేదు. చేతులే పట్టేసుకున్నారు.

సూది తగలగానే చెయ్యెత్తాడు. ఆపింది. మిషను చప్పుడుకే మళ్ళీ ఎత్తాడు. ఆపింది. మూడోసారి ఎత్తబోయి, నొప్పి ఎక్కడుందా అని చూసుకున్నాడు. లేదు. చెయ్యి దించేశాడు.

ముప్పావు గంట పట్టింది.

"ఇంకో రెండుసార్లు రావాలి. చిగుళ్ళు కూడా శుభ్రం చేస్తాను. మెత్తటి బ్రష్ వాడండి, పడుకునే ముందు కూడా తోముకోండి," అంది డాక్టరమ్మ.

"వస్తాను," అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం.

కుర్చీ దిగాడు. సగం మూతి మొద్దుబారింది గానీ కసి మొద్దుబారలేదు.

"ఊఁ, ఇక మీరెక్కండి అత్తయ్యగారూ. డాక్టరుగారూ, పెద్ద సూది తియ్యండి. నేనిక్కడే నిలబడి చూస్తాను."

అత్తగారు చెంపకున్న గుడ్డ విప్పి, మడిచి, సంచిలో పెట్టుకుంది. తాపీగా కుర్చీలో వెనక్కి వాలింది.

"చెప్పండమ్మా, ఏ పన్ను నొప్పి?" అంది డాక్టరమ్మ.

అత్తగారు నోట్లోంచి కట్టుడు పళ్ళు పై వరుసా కింది వరుసా రెండూ ఊడదీసి, డాక్టరమ్మ ముందున్న ట్రేలో పెట్టి, "ఇందులో ఏదో ఒకటి చూడమ్మా," అంది.