మూలనున్న పాదముద్ర

బొమ్మలు వేయడం, ఫొటోలు తీయడం యంత్రాలే చూసుకుంటున్నాయి కాబట్టి, మనుషులకు మిగిలింది వాటిలో మంచివి ఏరి నలుగురికీ పంచడమే. అందులో నేను ఘనుణ్ణి. ఆకాశంలో తిరిగే డ్రోన్లు తీసిందల్లా నా కళ్లజోడులోకి వచ్చి పడుతుంటుంది.

ఈ మధ్యాహ్నం ఒక అద్భుతం దొరికింది. వెలిసిపోయిన నీలం గుడ్డ మీద వరసలు వరసలుగా తెల్లటి ముద్దలు, ఓ మూల వాటిని చిదిమేసిన పాదముద్ర. “సృష్టిని తొక్కేసే మనిషి అహంకారం! ఈ కళాకారుడెవరో మహానుభావుడు” అని రాసి పంచాను. సాయంత్రానికి మూడు లక్షల మంది కన్నీళ్లు పెట్టుకున్నారు.

గర్వంగా మా ఆవిడ వకుళకు చూపించాను. ఆమె ముందు బొమ్మను చూసింది, తర్వాత నా కాళ్లను చూసింది.

“ఇది మన డాబానేనండీ. ఆ గుడ్డ నా పాత చీర. గుమ్మడి వడియాలకి కాపలా ఉండమంటే, ఆ కళ్లజోడు పెట్టుకుని వాటి మీదే నడిచారా?”

వంగి చూసుకున్నాను. కుడికాలి వేళ్ల సందుల్లో పిండి ఎండి అట్టకట్టింది.

“మూడు లక్షల మందికి నచ్చింది వకుళా,” అని గొణిగాను.

“కాకులకీ నచ్చింది. మీరు తొక్కగా మిగిలినవన్నీ అవే తినేశాయి.”